ఊతగొట్టం కథ

నాలుగేళ్ల క్రితం మా మేనమామకు పెద్దపేగు చివరిభాగంలో కేన్సరు పుండు ఉన్నదని తేలింది. శస్త్రచికిత్స చేసి ఆ ముక్కను తీసివేసి, మిగిలిన రెండు కొసలనూ కలిపి అతికారు. అతుకు మానేదాకా మలం దాని మీదుగా పోకుండా చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించారు. మూడు నెలలు గడిచాక ఆ సంచి తీసివేశారు. ఇల్లంతా ఊపిరి పీల్చుకున్నది. ఆ తరువాత మావయ్య మెల్లమెల్లగా అన్నం తగ్గించుకుంటూ రావడాన్ని ఎవరూ గమనించలేదు. "వయసు మీద పడుతోందిరా, ఆకలి ఎక్కడిది?" అనేవారు.

అసలు సంగతి వేరు. రోజూ పొద్దున్నే గంటసేపు మరుగుదొడ్లో కూర్చుని, చిటికెనవేలంత సన్నని మలం కోసం యాతనపడి, ఉబ్బిన కడుపుతో బయటికి వచ్చేవారు. అన్నం తగ్గిస్తే ఆ యాతన తగ్గుతుందని ఆయన లెక్క. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో తెలుగు పండితులుగా సంధులూ సమాసాలూ విడమరిచి చెప్పిన మనిషి, ఈ ఒక్క సంగతి మా అత్తయ్యకు కూడా చెప్పలేకపోయారు. సిగ్గు ఒక కారణం. కేన్సరు తిరగబెట్టిందేమోనన్న భయం రెండవది. తెలుసుకోవడం కంటే తెలియకపోవడమే నయమనుకున్నారు. చివరికి ఒకనాటి రాత్రి వాంతులు మొదలైతే ఆసుపత్రికి తీసుకువెళ్లాము.

కేన్సరు తిరగబెట్టలేదు. అతుకు దగ్గర మచ్చ కట్టి పేగు ఇరుకైంది. పెన్సిలు దూరేపాటి సందు మిగిలింది. బెలూనుతో రెండుసార్లు సాగదీశారు, రెండుసార్లూ మళ్లీ మూసుకుంది. "ఈసారి స్టెంటు వేసి చూద్దాం" అన్నారు డాక్టరుగారు. మావయ్య తెల్లబోయి, "అది గుండెకు వేసేది కదండీ? నాకు గుండె బాగానే ఉందే!" అన్నారు. డాక్టరుగారు నవ్వేసి తరువాతి మంచం దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ ప్రశ్న నవ్వి వదిలేసేది కాదనిపించింది నాకు. గుండెకు వేసేది పేగుకు ఎలా వచ్చింది? అసలు ఆ మాట ఎక్కడిది? వెతుకుతూ పోగా దొరికినదే ఈ టపా. వైద్యుణ్ణి కాను. చదివి తెలుసుకున్నది మావయ్యకు చెప్పినట్టే ఇక్కడ చెబుతున్నాను.

* * *

మొదట మన ఇంటి సంగతి. సుశ్రుత సంహితలో ఉదరరోగాల చికిత్స చెప్పే చోట బద్ధగుదోదరం అనే వ్యాధి ఉన్నది. పేగు మూసుకుపోయి మలం కదలక కడుపు ఉబ్బిపోవడం. దానికి నాభి దిగువన ఎడమవైపు పొట్టను నాలుగంగుళాల మేర కోసి, పేగులను బయటికి తీసి, అడ్డును తొలగించి, నేయీ తేనే పూసి, తిరిగి లోపల సర్ది కుట్టమని చెప్పాడు. పేగుకు చిల్లు పడితే ఆ అంచులను దగ్గరకు చేర్చి నల్లచీమల చేత కరిపించి, అవి పట్టు బిగించాక మొండేలను తుంచివేసి తలలను మాత్రం అక్కడే ఉంచమంటాడు. చీమతలలే కుట్లు. ఇది చాలామందికి తెలిసిన కథే.

అంతగా తెలియనిది మరొకటి ఉన్నది. క్షుద్రరోగాలలో సన్నిరుద్ధగుదం అని ఒకటి చెప్పాడు. మలద్వారపు దారి సన్నబడిపోయి విసర్జన కష్టమయ్యే రోగం. వేగాలను, అంటే సహజంగా వచ్చే ప్రేరణలను, అణచిపెట్టుకోవడం వల్ల అది వస్తుందని ఆయన నిర్ణయం. చికిత్స ఏమిటంటే, రెండువైపులా నోళ్లున్న గొట్టం. ఇనుముదైనా, కొయ్యదైనా, లక్కదైనా సరే, నేయి రాసి లోపలికి పంపాలి. మూడేసి రోజులకు ఒకసారి అంతకంటే లావు గొట్టం మార్చాలి. దారి క్రమంగా పెద్దదవుతుంది. ఈ పద్ధతిని ఆయన మూత్రద్వారం మూసుకుపోయే నిరుద్ధప్రకశానికి వివరంగా చెప్పి, సన్నిరుద్ధగుదానికీ అదే చేయమన్నాడు.

అన్నీ మనవాళ్లకే తెలుసునని చాటడం నా ఉద్దేశం కాదు. సుశ్రుతుని గొట్టం వేలికి అందే చోటికే చేరుతుంది. పేగు లోపలి అతుకుకు చేరదు. కానీ ఆ గొట్టంలో ఉన్న ఆలోచనను గమనించండి. అది అక్కడ ఉండిపోవడానికి రాలేదు. దారి తెరిచి, తన స్థానాన్ని మరొకదానికిచ్చి, చివరికి తప్పుకోవడానికి వచ్చింది. ఈ కథ చివరిదాకా ఈ ముక్కను గుర్తుపెట్టుకోమని మనవి.

* * *

ఇరుకు రావాలంటే ముందు అతుకు ఉండాలి. పేగును కోసి అతికి మనిషిని బతికించడం యూరపులో చాలా ఆలస్యంగా, చాలామంది ప్రాణాలను మూల్యంగా తీసుకుని వచ్చిన విద్య.

1776లో ఫ్రాన్సులోని రువాఁ నగరంలో పిల్లోర్ అనే వైద్యుని దగ్గరికి ఒక ద్రాక్షసారాయి వర్తకుడు వచ్చాడు. పురీషనాళంలో పెరిగిన గడ్డ దారి మూసేసింది. అడ్డును బరువుతో తోసెయ్యవచ్చునని అంతకుముందు ఆయన చేత రెండు పౌన్ల పాదరసం తాగించారు. అది కదలలేదు. పిల్లోర్ పొట్ట మీద కోసి పెద్దపేగు మొదటిభాగాన్ని బయటికి తెరిచాడు. మలం బయటికి వచ్చింది, రోగికి ఉపశమనం కలిగింది. కానీ నెల తిరగకుండానే, లోపల ఉండిపోయిన ఆ పాదరసమే పేగును పాడుచేయగా ఆయన మరణించాడు. 1793లో బ్రెస్ట్ రేవుపట్టణంలో దురే అనే వైద్యుడు మలద్వారం లేకుండా పుట్టిన పసికందుకు పొట్ట మీద దారి తెరిచాడు. ఆ బిడ్డ 45 ఏళ్లు బతికాడు. అంటే, పేగును బయటికి తెరవడం నేర్చారు. కోసి లోపలే అతకడం ఇంకా రాలేదు.

లియాన్ నగరంలో రెబార్ పెద్దపేగులోని గడ్డను కోసివేసి కొసలను కుట్టాడు. తోటివారు చాలాకాలం నమ్మలేదు. 1826లో లాంబేర్ ఒక కీలకం పట్టుకున్నాడు. పేగు అంచులను బట్ట అంచుల్లాగా ఊరికే ఎదురెదురుగా కుడితే కారిపోతుంది. అంచులను లోపలికి మడిచి, పేగు బయటి పొరలు రెండూ ఒకదానికొకటి తాకేలా కుడితే అతుక్కుంటుంది. 1887లో అమెరికాలో హాల్‌స్టెడ్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, కుట్టుకు బలాన్నిచ్చేది లోపలి జిగురుపొర కింద ఉండే గట్టిపొర అని నిరూపించాడు. ఈ రెండు సంగతులూ ఈనాటికీ శస్త్రవైద్యుల తొలిపాఠాలు.

1892లో షికాగోలో జాన్ మర్ఫీ ఒక చమత్కారం చేశాడు. చొక్కా గుండీ మాదిరి రెండు లోహపు చిప్పలు. ఒక్కొక్క కొసలో ఒక్కొక్కటి పెట్టి నొక్కితే ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి. మధ్యలో నలిగిన కండ చచ్చిపోతుంది, దాని చుట్టూ అతుకు మానుతుంది. పని అయిపోగానే గుండీ ఊడి మలంతోపాటు బయటికి వచ్చేస్తుంది. నిమిషాల్లో అయిపోయే అతుకు. లోకమంతా దానిని వాడింది. అయితే గుండీ ఎంత పెద్దదో అతుకూ అంతే. ఆ అతుకు తరువాత ఇరుకవుతున్నదన్న ఫిర్యాదు అప్పుడే మొదలైంది.

తరువాత వచ్చినవి స్టేప్లర్లు. కాగితాలకు వేసే పిన్నుల వంటివే. 1908లో బుడాపెస్టులో హ్యుల్ట్‌ల్ వాడిన తొలి యంత్రం మూడున్నర కిలోలకు పైగా తూగేది. 1950లలో మాస్కోలో ఈ పరికరాల కోసమే ఒక పరిశోధన సంస్థ పనిచేసింది. 1958లో ఆ దేశానికి వెళ్లిన అమెరికా వైద్యుడు మార్క్ రావిచ్ వాటిని చూసి ముచ్చటపడి తన దేశానికి పట్టుకుపోయాడు. 1970ల చివరికి గుండ్రటి స్టేప్లరు వచ్చింది. మలద్వారంలోంచి లోపలికి పంపి మీట నొక్కితే వలయాకారంలో పిన్నులు పడి రెండు కొసలూ అతుక్కుంటాయి. చేతికి అందని లోతున, కటి ఎముకల మధ్య, అతుకు వేయడం సాధ్యమైంది. అంతకుముందు జీవితాంతం సంచితో గడపవలసివచ్చిన ఎందరో ఆ సంచి నుంచి బయటపడ్డారు.

దీనికి చెల్లించిన వెల ఒకటున్నది. చేతికుట్టునూ స్టేప్లరు కుట్టునూ పోల్చిన అధ్యయనాలను 2001లో ఒకచోట చేర్చి సమీక్షించినప్పుడు, తక్కిన విషయాలలో పెద్ద తేడా కనబడలేదు కానీ, ఇరుకు మాత్రం స్టేప్లరు వేసినవారిలోనే ఎక్కువగా కనబడింది.

* * *

అతుకు ఎందుకు ఇరుకవుతుంది? గాయం మానడమంటే ముడుచుకోవడం కూడా. మోకాలి మీద దెబ్బ మానిన చోట చర్మం లాగిపట్టినట్టుంటుంది చూడండి, అటువంటిదే. చదునైన చోట అది మచ్చ. గొట్టం చుట్టూ వలయంగా జరిగితే అదే మచ్చ ఉరితాడు బిగిసినట్టు బిగుసుకుంటుంది. అతుకు దగ్గర రక్తప్రసారం చాలకపోయినా, కుట్టు కొద్దిగా కారి చీముపట్టి మానినా, కేన్సరుకు ముందో వెనుకో రేడియేషను ఇచ్చినా ఆ బిగింపు ఎక్కువవుతుంది. మలాన్ని పొట్ట మీద సంచిలోకి మళ్లించిన నెలలలో అతుకు మీదుగా ఏదీ సాగదు కనుక, సాగదీసేవారు లేక అది మరికొంత ముడుచుకుంటుంది. ఎందరికి ఇలా అవుతుందన్నది ఇరుకును ఎలా కొలుస్తామన్న దానిని బట్టి మారుతుంది. అధ్యయనాలలో నూటికి 3 నుంచి 30 దాకా కనబడుతుంది. అందరికీ చికిత్స అవసరం పడదు. చాలామందిలో గట్టి మలమే రోజూ దారిని సాగదీసి సరిచేస్తుంది. అన్నం తగ్గించుకుని మా మావయ్య ఆ కాస్త సాయాన్నీ పోగొట్టుకున్నారు.

చికిత్సలో మొదటి మెట్లు సాగదీయడమే. దగ్గరగా ఉంటే వేలితో, లేదా క్రమంగా లావయ్యే లోహపు కడ్డీలతో. సుశ్రుతుని గొట్టాలకు ఇవి దూరపు చుట్టాలు. లోతున ఉంటే ఎండోస్కోపు, అంటే లోచూపు గొట్టం, ద్వారా బెలూను పంపి ఉబ్బించడం. ఒకటి రెండు విడతలతో ఎక్కువమందికి సరిపోతుంది. సరిపోనివారి కోసమే స్టెంటు.

* * *

ఇప్పుడు ఆ మాట సంగతి. స్టెంటు అనేది ఒక మనిషి పేరు. చార్లెస్ స్టెంట్, 1807లో పుట్టి 1885లో పోయిన ఇంగ్లండు దంతవైద్యుడు. ఆయనకు గుండెతోగాని పేగుతోగాని ఏ సంబంధమూ లేదు. కట్టుడుపళ్లకు చిగుళ్ల అచ్చు తీయడానికి ఆ రోజుల్లో గట్టాపర్చా అనే చెట్టుపాలముద్ద వాడేవారు. అది చల్లారేటప్పుడు ముడుచుకుని అచ్చు చెడిపోయేది. 1856లో స్టెంట్ దానికి స్టియరిన్ కొవ్వూ, సీమసున్నం వంటి మెత్తని పొడీ, ఎర్రరంగూ కలిపి, వేడిచేస్తే మెత్తబడి చల్లారితే గట్టిపడే ముద్ద తయారుచేశాడు. ఆయన తరువాత దంతసామగ్రి వ్యాపారం చేసే ఒక కంపెనీ ఆ హక్కులు కొని, ఆ పేరుతోనే ముద్దను అమ్మింది.

మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు చెక్కుకుపోయిన సైనికులకు చర్మం అతికే పని డచ్చి వైద్యుడు యాన్ ఎస్సెర్ చేపట్టాడు. అతికిన చర్మం గుంటలో కదలకుండా అంటుకుని ఉండాలి. ఎస్సెర్ స్టెంట్ ముద్దతో ఆ గుంటకు సరిపోయే అచ్చు తీసి, దాని చుట్టూ చర్మం చుట్టి గుంటలో కూర్చి కుట్టాడు. చర్మం పట్టుకున్నాక అచ్చు తీసివేశాడు. 1917లో ఈ పద్ధతిని ప్రకటించాడు. అప్పటి నుంచి, మానుతున్న కండకు ఆసరాగా నిలిచే దేనికైనా వైద్యులు స్టెంటు అనసాగారు. 1954లో అమెరికాలో రిమైన్, గ్రిండ్లే అనేవారు కుక్కల పైత్యనాళంలో ప్లాస్టిక్ గొట్టం పెట్టి దానిని స్టెంటుతో పోల్చినప్పుడు, ఆ మాట ముద్ద నుంచి గొట్టానికి దాటింది.

గొట్టాలు మాత్రం ఆ పేరు రాకముందు నుంచే ఉన్నాయి. 1885లో లండనులో చార్టర్స్ సిమండ్స్ కేన్సరుతో మూసుకుపోయిన అన్నవాహికలో గొట్టం నిలిపాడు. 1924లో హెన్రీ సౌటర్ జర్మన్ సిల్వరు తీగను స్ప్రింగులా చుట్టి అదే పనికి వాడాడు. 1964లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో చార్లెస్ డాటర్ ఒక వృద్ధురాలి కాలి రక్తనాళాన్ని కోత లేకుండా లోపలి నుంచే తెరిచాడు. 1969లో కుక్కల కాలి ధమనుల్లో తీగచుట్టలు నిలిపి చూశాడు. 1979లో హాంబర్గులో సోహేంద్ర ఎండోస్కోపు ద్వారా పైత్యనాళంలో ప్లాస్టిక్ గొట్టం నిలిపాడు. 1986లో ఫ్రాన్సులో పుయెల్, స్విట్జర్లాండులో సిగ్వార్ట్ గుండె ధమనులలో స్టెంటు వేశారు.

మనకు గుండె స్టెంటే స్టెంటు కావడానికి కారణాలున్నాయి. 1990లలో హైదరాబాదులో అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణులు సోమరాజు కలిసి తక్కువ ఖరీదుకు తయారుచేయించిన స్టెంటుకు కలాం-రాజు స్టెంటు అని పేరు వచ్చింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం స్టెంట్ల ధరకు పరిమితి విధిస్తే పత్రికలన్నీ రాశాయి. అదీ గుండె స్టెంట్లకే. పేగు స్టెంటును గురించి రాసినవారు లేరు. గుండెజబ్బు వచ్చిందని నలుగురిలో చెప్పుకోవచ్చు, పేగు సంగతి చెప్పుకోలేము. మాటల చరిత్రలోనూ ఈ సిగ్గు పనిచేసింది.

* * *

పేగులో స్టెంటు నిలవాలంటే ఒక లోహం కావలసివచ్చింది. సన్నగా ముడుచుకుని ఎండోస్కోపు దారిన పోవాలి, అక్కడికి చేరి తనంతట తాను విచ్చుకోవాలి, పేగు వంపులకు లొంగాలి, పేగు నొక్కినా నలగకూడదు. ఆ లోహం అమెరికా నౌకాదళపు ఆయుధ ప్రయోగశాలలో పుట్టింది. విలియం బ్యూలర్ క్షిపణి ముక్కుకు తగిన పదార్థం కోసం వెతుకుతూ నికెలూ టైటానియమూ కలిపిన మిశ్రలోహాన్ని తయారుచేశాడు. ఆ రెండు లోహాల పేర్లకూ ఆ ప్రయోగశాల పేరుకూ ముందక్షరాలు కలిపి నిటినాల్ అన్నారు. 1960ల తొలినాళ్లలో ఒక సమావేశంలో విసనకర్రలా మడతలు పెట్టిన నిటినాల్ రేకును అందరి చేతులకూ ఇచ్చి చూపిస్తుండగా, అక్కడున్న ఒక శాస్త్రవేత్త తన పైపు వెలిగించుకునే లైటరుతో దానిని వేడిచేశాడు. మడతలన్నీ విప్పుకుని రేకు తిన్నగా సాగింది. తన పాత ఆకారాన్ని గుర్తుపెట్టుకునే లోహమది. క్షిపణి కోసం వెతికినది రోగి కడుపులోకి చేరింది. 1983లో డాటరూ, క్రాగూ వేర్వేరుగా నిటినాల్ చుట్టలను రక్తనాళాల్లో నిలిపి ప్రకటించారు.

1991లో దోమోతో అనే వైద్యుడు పురీషనాళపు కేన్సరు ముదిరి శస్త్రచికిత్సకు వీలులేని రోగులకు స్టెంటు వేసిన సంగతి ప్రకటించాడు. 1994లో స్పెయినుకు చెందిన తెహెరో బృందం మరో ఉపయోగం చూపింది. కేన్సరుతో పేగు హఠాత్తుగా మూసుకున్న రోగికి అర్ధరాత్రి అత్యవసర శస్త్రచికిత్స చేయకుండా, ముందు స్టెంటుతో దారి తెరిచి, రోగి తేరుకున్నాక నిదానంగా కోయడం. దీని మీద వివాదం సాగింది. స్టెంటు తోపుడుకు కేన్సరున్న పేగు చిల్లుపడే ప్రమాదమున్నది. 2011లో ప్రచురితమైన ఒక డచ్చి పరీక్షను మధ్యలోనే ఆపివేయవలసివచ్చింది. 2022లో వెలువడిన బ్రిటిషు పరీక్ష ఫలితాలు స్టెంటుకు కొంత అనుకూలంగా వచ్చాయి. పొట్ట మీద సంచి అవసరం తగ్గిందని చూపాయి. ఆ చర్చ అంతా కేన్సరు అడ్డుకు సంబంధించినది.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. ఆ స్టెంట్లను తయారుచేసింది ఎవరికోసం? నెలలే మిగిలిన రోగి కోసం. వల వంటి ఆ గొట్టం కళ్లలోంచి గడ్డ లోపలికి పెరిగి దానిని పట్టుకుంటుంది, స్టెంటు జారదు. ఎప్పటికీ తీయవలసిన పని లేదు, ఎందుకంటే ఆ "ఎప్పటికీ" చాలా చిన్నది. మా మావయ్య వంటివాని సంగతి అది కాదు. కేన్సరు పోయింది, ఇంకా ఇరవై ఏళ్లు బతకవచ్చు. మచ్చ కట్టిన అతుకులో అదే వల స్టెంటు పెడితే ఆరోగ్యమైన కండే కళ్లలోంచి పెరిగి, తీయరాకుండా చేసి, చివరికి తానే దారి మూస్తుంది. ఏళ్ల తరబడి ఉంటే లోహపు అంచు పేగును ఒరుసుకుని చిల్లు పొడవవచ్చు. చావుకు దగ్గరైనవారికి మేలు చేసిన వస్తువే, బతకబోయేవారికి కీడు చేసేదిగా తేలింది.

దీనికి వైద్యులు వెతికిన దారులన్నీ ఒకే వైపుకు పోయాయి: స్టెంటు తప్పుకోవడం ఎలా?

మొదటిది, వలకు పైన సిలికాను వంటి పొర తొడగడం. కండ పెరగదు, కొద్ది వారాల తరువాత లాగి తీసివేయవచ్చు. కానీ పట్టు లేదు కనుక పేగు కదలికలకు అది జారిపోతుంది. తీయడానికి వీలుగా చేస్తే దానంతట అది పోతుంది, పోకుండా చేస్తే తీయడానికి రాదు. అతుకు మలద్వారానికి మరీ దగ్గరగా ఉంటే నొప్పీ, ఎప్పుడూ దొడ్డికి వస్తున్నట్టుండే బాధా తోడవుతాయి.

రెండవది, కరిగిపోయే స్టెంటు. శస్త్రచికిత్సలో కరిగిపోయే కుట్లకు వాడే పాలీడయాక్సనోన్ అనే దారంతోనే నేసిన గొట్టం. చెక్ దేశంలో తయారైంది. ఆరు వారాలకు పైగా బలంగా నిలిచి, మూడు నెలలనాటికి కరిగిపోతుంది. తీయవలసిన పని లేదు. 2011లో చెక్ వైద్యులు పెద్దపేగు అతుకులలో దీనిని వాడి చూసిన సంగతి ప్రచురించారు. 2013లో ఇటలీకి చెందిన రెపీచి బృందం 11 మందికి వేసిన ఫలితాలు ప్రకటించింది. నలుగురిలో రెండు వారాల్లోనే జారిపోయింది. మిగిలిన ఏడుగురిలో ఐదుగురికి ఇరుకు పూర్తిగా తగ్గింది. మొత్తం 11 మందిలో ఇద్దరికి శస్త్రచికిత్స తప్పలేదు. బెలూనుకు లొంగని మొండి ఇరుకులలో ఐదుగురికి బాగుపడడం చిన్న సంగతి కాదు, సగంమందికి పైగా బాగుపడకపోవడమూ చిన్న సంగతి కాదు.

మూడవది, డంబెల్ ఆకారపు పొట్టి స్టెంటు. రెండు చివరలా వెడల్పు అంచులుండి మధ్యలో అతుకును పట్టుకుంటుంది. క్లోమం పక్కన చేరిన నీటితిత్తులను జీర్ణాశయంలోకి పారించడానికి చేసినదానిని, పొట్టి ఇరుకులకు కొందరు వాడి చూస్తున్నారు. దానిని కూడా కొన్నాళ్లకు తీసివేయవలసిందే.

* * *

ఇదంతా మావయ్యకు ఆసుపత్రిలోనే ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆయన ముఖంలో చాలా నెలల తరువాత పాత తరగతిగది వెలుగు కనబడింది. "స్లాబుకు సెంట్రింగు కొట్టినట్టన్నమాట. కాంక్రీటు గట్టిపడేదాకా ఉండాలి, ఆ తరువాత విప్పెయ్యాలి. విప్పకపోతే అది ఇల్లు కాదురా" అన్నారు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను. దానికి తెలుగుమాట కావాలని పట్టుపట్టి, ఊతగొట్టం అని తానే పెట్టారు. "ఉభయతోముఖి అని సుశ్రుతుడి మాట ఉండగా ఇదెందుకండీ?" అంటే, "రోగికి నోరు తిరగాలి కదా" అన్నారు.

ఆయనకు పొర తొడిగిన స్టెంటు వేశారు. తొమ్మిదవ నాడు అది జారి బయటికి వచ్చేసింది. అత్తయ్య ఏడ్చింది. మావయ్య మాత్రం, "ఇక దీని పేరు జారుగొట్టం" అన్నారు. డాక్టరుగారు ఈసారి ఎండోస్కోపు ద్వారా మచ్చను మూడు నాలుగు చోట్ల విద్యుత్తుతో సన్నగా గాట్లు పెట్టి, ఆ మీదట బెలూనుతో సాగదీశారు. అది నిలిచింది. ఆ తొమ్మిది రోజుల సెంట్రింగు ఏ మాత్రం ఉపయోగపడిందో చెప్పడం కష్టం. ఇప్పుడు ఆయన మామూలుగా భోంచేస్తున్నారు. ఏడాదికోసారి పరీక్షకు వెళ్తున్నారు.

స్టెంటు వల్ల ఆయన బాగుపడ్డారని చెప్పగలిగితే కథ అందంగా ముగిసేది. కానీ జరిగింది అది కాదు. నాకు ఈ చరిత్రలో కనబడినదీ అది కాదు. లాంబేర్ నుంచి రెపీచి దాకా ప్రతివాడూ ఒక చిక్కు విప్పి మరొక చిక్కును తరువాతివానికి అప్పగించాడు. స్టేప్లరు సంచి నుంచి విడిపించి ఇరుకును తెచ్చింది. వల స్టెంటు అడ్డు తొలగించి తానే అడ్డయింది. పొర తొడిగితే జారింది. కరిగేది కొందరిలో పనిచేసింది. రోగం నయమైనవాడికి కావలసినది శాశ్వతంగా ఉండే సాయం కాదనీ, సమయం చూసి తప్పుకునే సాయమనీ ఇంత తిరిగి తెలుసుకున్నారు. స్టెంట్ ముద్దతో ఎస్సెర్ తీసిన అచ్చు మొదటినుంచీ చేసినది అదే.

మావయ్య పోగొట్టుకున్న నెలల సంగతి మాత్రం వేరు. బెలూనుకు లొంగగలిగిన రోజుల్లో ఆయన చెప్పలేదు. చెప్పేనాటికి మచ్చ ముదిరింది. వేగాలను అణచుకుంటే దారి మూసుకుంటుందన్న సుశ్రుతుని నిదానం ఈనాటి వైద్యానికి సరిపోదు; మచ్చకట్టడానికీ దానికీ సంబంధం లేదు. అయినా నేను దానిని కొట్టిపారేయలేకపోతున్నాను. మా ఇంట్లో అణచిపెట్టుకున్నది మాట.

ఈ టపా చదివేవారి ఇళ్లలో పెద్దపేగుకు శస్త్రచికిత్స జరిగినవారు ఎవరైనా ఉంటే, సంచి తీసేశాక కూడా ఒక్క మాట అడగండి. మలం సన్నబడిందా? కడుపు ఉబ్బుతోందా? అన్నం ఎందుకు తగ్గించారు? అడిగితే కోప్పడతారు. మావయ్యా కోప్పడేవారే. అది కేన్సరు తిరగబెట్టడమే కానక్కరలేదు, అలాగని పరీక్ష చేయించకుండా మచ్చే అనుకోవడానికీ లేదు. రెండూ తేల్చవలసినది వైద్యులు. మనం చేయగలిగినది అడగడం.

ఊతగొట్టం కంటే మంచి మాట మీకు తోస్తే చెప్పండి. మావయ్యకు చదివి వినిపిస్తాను. ఒప్పుకుంటారని మాత్రం హామీ ఇవ్వలేను.